చలికాలపు వేటకు నడిమి చొక్కా

బాపట్లకును చీరాలకును నడుమ, రైలుమార్గముమీద, స్టూవర్టుపురమను చిన్న స్టేషను గలదు. 1913లో ఎఱుకల కుటుంబముల కొఱకు సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున ఏర్పడిన ఊరది. అచ్చటికి సముద్రము ఎంతో దూరము కాదు. ఒకవైపు సూర్యలంక, మఱొకవైపు ఓడరేవు. ఈ ప్రాంతమున చలికాలపు వేట యనగా శ్రోతలు తుపాకిని తలచుకొనవలదు. అడవి మృగములను, పక్షులను వేటాడుటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి 1991లో వచ్చిన సవరణయు మాన్పినవి. మిగిలినది చేపలవేట. కార్తికము మొదలు మాఘము వఱకు, చుక్క పొడిచిన వేళ పడవనెక్కు మనిషి ఒంటిమీద ఏమి యుండవలెనన్నదే నేటి ప్రసంగ విషయము.

మన తీరమున చలి యెక్కడిదని కొందఱు నవ్వవచ్చును. నిజమే, పుష్యమాసపు తెల్లవారుజామున సైతము ఇచ్చట ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలకు కొంచెము దిగువనే నిలుచును. కాని పొడిబట్టతో వాకిట కూర్చున్నవాని ఇరవై డిగ్రీలు వేఱు, తడిబట్టతో నడిసముద్రమున గాలికెదురుగా నిలిచినవాని ఇరవై డిగ్రీలు వేఱు. నిశ్చలమైన గాలికంటె నీరు ఇరువది రెట్లకు మించిన వేగముతో వేడిని లాగివేయును. అదిగాక, ఒంటిమీద ఒక్క గ్రాము తడి ఆవిరియగుటకు సుమారు 580 కాలరీల వేడి కావలెను. ఆ వేడిని ఇచ్చుకొనవలసినది మన శరీరమే.

దీనిని నేను పుస్తకమున చదివి తెలిసికొన్నది తక్కువ. ఒక పుష్యమాసమున రికార్డింగు నిమిత్తము జాలరులతో పడవలో పోయితిని. జాగ్రత్తపడితినను ధీమాతో రెండు నూలుచొక్కాలు, పైన ఒక శాలువ వేసికొంటిని. వల లాగువారికి చేయి కలిపితిని. ఉత్సాహమే గాని అలవాటు లేదు. పావుగంటలో చెమట పట్టినది. వల పడవలోకి వచ్చిన పిమ్మట ఊరక కూర్చుంటిమి. అంతట మొదలైనది వణుకు. మాట తడబడుచుండగా ఒక పెద్దాయన చూచి, "అయ్యా, ముందు ఆ తడి చొక్కాలు తీసెయ్యండి. ఇది గాలి పెట్టే చలి కాదండీ, ఆ చొక్కాలు పెట్టేది" అని తన ఊలు స్వెట్టరు నాకిచ్చెను. అది పాతది, మోచేతులకడ అతుకులు. పది నిమిషములలో వణుకు తగ్గినది.

వేటగాని కష్టమంతయు ఇందే యున్నది. కొంతసేపు ఒళ్లు వంచి పని, అటుపిమ్మట కదలకుండ నిరీక్షణ. అందుచేత ఒకే మందపు కోటు పనికిరాదు; మూడు పొరలు కావలెను. ఒంటికి తగులునది చెమటను నిలువనీయని పలుచని బనియను. అన్నిటికి పైది గాలిని, నీటితుంపరను ఆపు రెయిన్‌కోటు. ఈ రెంటి నడుమ నుండు చొక్కాయే వేడిని కాపాడును. అది తానుగా వేడిని పుట్టింపదు. తన పోగుల నడుమ గాలిని కదలకుండ బంధించును. ఆ గాలియే మన దుప్పటి. పోగులు తడిసి అణగిపోయినచో గాలి పోయి, ఆ చోటున నీరు చేరును.

చీరాల నేతకు పేరుపొందిన సీమలో నూలును నిందించుట సాహసమే. వేసవిలో నూలుకు సాటి లేదు. కాని చలిలో దాని గుణమే దోషమగును: నీటిని త్రాగును, త్వరగా వదలదు. ఊలు అట్లు కాదు. తన బరువులో మూడవవంతుకు దగ్గఱగా తేమను లోనికి పీల్చికొనియు పైకి తడిగా తోపదు. పోగులలోని సహజమైన వంకీల వలన అణగిపోదు. ఇంగ్లీషు కాలువలోని గర్న్‌సీ ద్వీపపు జాలరులు బిగువుగా అల్లిన ఊలు స్వెట్టరులకు ప్రసిద్ధులైనది ఇందులకే. 1979లో అమెరికాలోని మాల్డెన్ మిల్స్ వారు పాలియెస్టరుతో ఫ్లీసు అను నూగుబట్టను తెచ్చిరి. అది నీటిని దాదాపు పీల్చదు, పిండి విదిల్చిన త్వరగా ఆఱును, వెల తక్కువ. మఱొక వింత: 1933లో నార్వే దేశపు సైనికాధికారి హెన్రిక్ బ్రూన్ చేపలవల ముక్కలతోనే బనియను కుట్టించెను. కన్నులలో నిలిచిన గాలియే వెచ్చదనము నిచ్చినది!

కొనునపుడు పేరును నమ్మవలదు. విజయవాడ వంటి పట్టణములలో శీతకాలమున వెలయు స్వెట్టరు దుకాణములలో "అసలు ఊలు" అన్నవన్నియు ఊలు కావు. అంచునుండి ఒక పోగు తీసి, ఇంటికి దూరముగా వెలిగించి చూడుడు. ఊలు వెండ్రుకవలె కమరువాసన వేసి, నలిపిన పొడియగును. అక్రిలిక్కు, పాలియెస్టరు కరగి గట్టి పూసలగును. అక్రిలిక్కైనంత మాత్రమున పాఱవేయ నక్కఱలేదు, ఊలు వెల ఇయ్యకున్న చాలును. పిడికిట నొక్కి వదలినపుడు వెంటనే పొంగవలెను. బనియనుపై వదులుగా పట్టవలెను. బిగువైనచో గాలికి చోటుండదు. ముందు జిప్పు గాని బొత్తాములు గాని యున్నది మేలు. వల లాగుటకు ముందు విప్పి, కూర్చున్న వెంటనే మూసికొనవచ్చును. చాలమంది దీనిని తలక్రిందులుగా చేయుదురు.

కురుమలు నేయు గొంగడి కూడ ఊలే కదా యని అడుగవచ్చును. ఒడ్డున వలకు కావలి కాయువానికి అంతకుమించినది లేదు. పడవలో మాత్రము వలదు. అది బరువు, తడిసిన మఱింత బరువు. వ్రేలాడు దుప్పటి, మఫ్లరు కొసలు ఇంజను ఇరుసుకు చుట్టుకొన్నచో ప్రాణమునకే ముప్పు. ఫ్లీసు తొడిగినవారు పడవలోని పొయ్యికి దూరముగా నుండవలెను. నిప్పు తగిలిన అది కరగి చర్మమున కంటుకొనును. ఎన్ని పొరలు వేసికొన్నను లైఫ్ జాకెట్టు అన్నిటికిని పైన నుండవలెను.

ఇంటికి వచ్చిన పిమ్మట పని గృహిణులదని వదలివేయకుడు. ఉప్పు తేమను పీల్చును గనుక సముద్రపు నీటితో తడిసినదానిని మంచినీట జాడింపవలెను. ఊలును వేడినీట ముంచరాదు, మెలిపెట్టి పిండరాదు. నీడను, చదునుగా పఱచి ఆఱవేయవలెను. మాఘము దాటిన పిమ్మట బాగుగా ఆఱినదానిని నాఫ్తలీను గుండ్లతో పెట్టెలో భద్రపఱచినచో మరల కార్తికమునకు పనికివచ్చును.