బైలాడిలా ఇనుము, అడవి ఖాతా

భద్రాచలం నుంచి చింతూరు, కుంట మీదుగా జగదల్‌పూర్ వెళ్ళినవాళ్ళకు ఎర్రబోరు తెలిసే ఉంటుంది. కుంట దాటాక సుక్మా వైపు పోయే రోడ్డు పక్కనే వస్తుంది. ఉన్నది ఛత్తీస్‌గఢ్‌లోనైనా అక్కడ తెలుగు చెల్లుతుంది. దొర్ల, కోయ కుటుంబాలకు మనవైపు చుట్టరికాలూ ఉన్నాయి. "పేరులో ఎర్ర ఉంది కదా నాన్నా, ఇనుప గనులు ఇక్కడేనా?" అని మా అమ్మాయి అడిగింది. ఇక్కడ కాదు. గనులు ఉత్తరాన, దంతెవాడ జిల్లాలో బైలాడిలా కొండల మీద ఉన్నాయి. కానీ ఆ కొండల వైపు నుంచి దిగే మలంగీర్ ఏరు శబరిలో కలుస్తుంది. శబరి కుంట పక్కగా పారి కూనవరం దగ్గర గోదావరిని చేరుతుంది. గని ఎంత దూరమైనా నీళ్ళదారి ఒకటే.

బైలాడిలా అంటే ఎద్దు మూపురం. దూరం నుంచి చూస్తే కొండ వరస అలాగే కనిపిస్తుంది. శిఖరాలు 1,200 మీటర్లు దాటుతాయి, ఖనిజంలో ఇనుము 65 శాతం దాకా ఉంటుంది. గుర్తించిన నిక్షేపాలు 14. కిరందుల్‌లో 1968లో తవ్వకం మొదలుపెట్టిన ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోనే ఉంది. కొత్తవలస రైలుమార్గం ఆ ఖనిజాన్ని విశాఖకు దింపుతుంది. ఓడరేవు కూలీ నుంచి ఉక్కు కర్మాగారం ఉద్యోగి వరకు, మనం అప్పిచ్చిన టిప్పర్ యజమానితో సహా, అందరి బతుకూ ఈ కొండతో ముడిపడి ఉంది. కాబట్టి గనులు వద్దు అని తేలిగ్గా అనేయడానికి నాకు నోరు రాదు. ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోందో మాత్రం చూడాలి.

మొదట పడేది ఏటి మీద. ఇనుము విషం కాబట్టి చేపలు చస్తాయని చాలామంది అనుకుంటారు. అసలు చిక్కు బురదతో. ఖనిజాన్ని కడిగినప్పుడు పిండిలాంటి మెత్తటి పొడి మిగులుతుంది. దాన్ని కట్ట కట్టి చెరువులా నిలవబెడతారు. తవ్వి పోసిన మట్టి గుట్టల కింద రాళ్ళ అడ్డుకట్టలూ వేస్తారు. ఎండాకాలంలో ఇవి బాగానే పనిచేస్తాయి. బస్తర్ వానలకు మాత్రం గుట్టలు కరిగి వాగుల్లోకి దిగుతాయి. శంఖినీ నది ఎర్రగా పారడం ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన సంగతే. అది దంతెవాడలో దంతేశ్వరి గుడి దగ్గర డంకినితో కలిసి ఇంద్రావతిలోకి పోతుంది.

ఎర్ర నీటిలో వెలుతురు అడుగుదాకా దిగదు. రాళ్ళ మీద నాచు పెరగదు. నాచు లేకపోతే దాన్ని తిని బతికే పురుగుల పిల్లలుండవు, వాటిని తినే చేపపిల్లలకు ఆకలి. పైగా గులకరాళ్ళ సందుల్లో పెట్టిన గుడ్ల మీద సన్నటి బురద పొరలా పరుచుకుంటే వాటికి గాలి అందదు. పెద్ద చేపకైతే మొప్పలు పూడుకుంటాయి. ఒక్క చేప కూడా తేలకుండానే ఏరు ఖాళీ అవుతుంది. పశువులు ఆ నీళ్ళే తాగాలి, కింది పొలాల మీద ఎర్రమట్టి మేట వేస్తుంది.

ఇక అడవి. గని కోసం కొట్టిన చెట్లు ఎన్నో లెక్కకు వస్తాయి. లెక్కకు రానిది ముక్కలవడం. లారీల రోడ్డు, కన్వేయర్, రైలు పట్టా, రాత్రంతా వెలిగే దీపాలు అడవిని గదుల్లా విడగొడతాయి. ఎలుగుబంటి ఈ గదిలో నుంచి ఆ గదిలోకి పోలేక ఊరి వైపు వస్తుంది. పేలుళ్ళకు గుహల్లోని గబ్బిలాలు బెదురుతాయి. ఆకుల మీద ఎర్రదుమ్ము పేరుకుంటే చెట్టుకు ఊపిరి సరిగ్గా ఆడదు. బైలాడిలా నీడవాగుల్లో చెట్టంత ఎత్తు పెరిగే ఫెర్న్‌లున్నాయి. వాటికి చల్లటి తడి కావాలి. పక్కన చెట్టు పోయి ఎండ పడితే చాలు, వాటిని ఎవరూ నరకక్కర్లేదు.

2019 జూన్‌లో 13వ నిక్షేపం ఉన్న నందరాజ్ కొండ కోసం ఆదివాసీలు వేలమంది కిరందుల్‌లో రోజుల తరబడి కూర్చున్నారు. ఆ కొండ వాళ్ళకు దేవుడు. రాష్ట్ర ప్రభుత్వం అక్కడ పనులు ఆపింది.

మనలాంటి వాళ్ళకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటుంది. అడవిని గనికి మళ్ళిస్తే కంపెనీ 'నికర ప్రస్తుత విలువ' చెల్లించాలి. ఎంబీఏలో ఎన్‌పీవీ నేర్చుకునేటప్పుడు, దాన్ని టేకు, ఇప్ప చెట్లకు కూడా కడతారని నేను కలలో కూడా అనుకోలేదు. 2008లో సుప్రీంకోర్టు ఖరారు చేసిన రేటు, అడవి రకాన్ని బట్టి, హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయలు. 2022లో పెంచారు. జాతీయ పార్కయితే పది రెట్లు. ఆ సొమ్ముతోనూ, వేరేచోట మొక్కలు నాటించేందుకు కట్టే సొమ్ముతోనూ నిధి నడుస్తుంది. దానికి 2016లో చట్టం చేశారు. అసలేమీ కట్టకపోవడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు. కానీ ప్రాజెక్టు రిపోర్టులు చదివిన కళ్ళతో చూస్తే ఒక లోపం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ పద్ధతిలో ఒక హెక్టారుకు మరో హెక్టారు సమానం.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి కొండగోరింకనే తీసుకోండి. మనిషిలా మాటలు అనుకరించే నల్ల పిట్ట అది. గూడు కట్టుకోదు. వడ్రంగిపిట్ట తొలిచిన తొర్రనో, ముదిరిన మానులో కొమ్మ కుళ్ళి ఏర్పడిన బొరియనో వెతుక్కుని రెండు మూడు గుడ్లు పెడుతుంది. పరిహారంగా నాటిన మొక్కకు అలాంటి తొర్ర రావాలంటే నాటినవాడి మనవలు పెద్దవాళ్ళవ్వాలి. జగదల్‌పూర్ దగ్గరి కాంగేర్ లోయ జాతీయ పార్కులో అటవీశాఖ చుట్టుపక్కల ఆదివాసీ కుర్రాళ్ళను 'మైనా మిత్ర'లుగా పెట్టుకుంది. ఏ మానులో ఏ తొర్ర ఉందో వాళ్ళు చెట్టు చెట్టునా తిరిగి చూసుకుంటున్నారు.