జీపుకు జబ్బు చేస్తే

జీపు వున్నవాడికి రోడ్డుతో పని లేదని మనవాళ్ళలో ఒక నమ్మకం వుంది. అది నిన్న మొన్న పుట్టిన నమ్మకం కాదు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమయి, బ్లాకు అధికారులు పల్లెల వెంట తిరగడం మొదలుపెట్టిన నాటి సంగతి. 1959లో షాద్‌నగర్‌లో నెహ్రూగారు పంచాయతీరాజ్‌కు దీపం వెలిగించిన తర్వాత "సమితి జీపు" అన్న మాట ఊరూరా స్థిరపడిపోయింది. బండిబాట మీద దుమ్ము లేచిందంటే సమితి జీపు వస్తున్నదన్నమాట. వాగులో దిగినా, గట్టెక్కినా, బురదలో కూరుకున్నా ఎలాగో బయటపడేది. ఆ బయటపడటం వెనుక డ్రైవరు ఎన్ని రాత్రులు బండి కింద పడుకున్నాడో మాత్రం ఎవరూ లెక్క వ్రాసిపెట్టలేదు.

ఈ వాహనం పుట్టుక కూడా తొందరలోనే జరిగింది. రెండవ ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికా సైన్యం, నమూనా బండిని 49 రోజుల్లో అప్పగించాలని గడువు పెట్టింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ, కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు చేత నక్షాలు గీయించి, 1940 సెప్టెంబరులో బండిని అప్పగించింది. పేరు మిగిలింది మాత్రం విల్లీస్ వారికి. మనదేశంలో మహీంద్రావారు బొంబాయిలో ఆ విల్లీస్ జీపులనే బిగించడం మొదలుపెట్టారు. "జీపు" అన్న మాట ఎలా పుట్టిందన్న విషయంలో అమెరికావాళ్ళకే ఏకాభిప్రాయం లేదు. తెలుగు మాత్రం ఆ తగవు జోలికి పోకుండా చివర ఒక ఉకారం తగిలించి, బహువచనం చేసి, సొంతం చేసుకుంది.

ఇప్పుడు సంగతి వేరు. సమితులు పోయాయి, మండలాలు వచ్చాయి. జీపు ఉద్యోగబాధ్యత నుంచి ఆదివారపు సరదాలోకి మారింది. సికింద్రాబాదు నుంచి రాజీవ్ రహదారి మీద షామీర్‌పేట దాటి అలియాబాద్ వైపు వెళ్ళేవారికి ఈ మార్పు కళ్ళారా కనిపిస్తుంది. సెలవునాడు పొద్దున్నే ఎత్తయిన చక్రాల బండ్లు వరుసగా వచ్చి, తారురోడ్డు వదిలి, చెరువు చుట్టుపక్కల చల్కల్లోకీ, రాతిగుట్టల మధ్యకూ దిగుతాయి. ముందు సీట్లో నాన్న, వెనుక పిల్లలు, ఒళ్ళో పులిహోర డబ్బాతో అమ్మ. సాయంత్రానికి వాటిలో ఒకటో రెండో తాడు కట్టించుకుని మరో బండి వెనుక తిరిగివస్తాయి.

అలా వచ్చిన వాటిని చూసే ఉస్తాదు ఒకాయన అలియాబాద్ చౌరస్తా దగ్గర రేకుల షెడ్డులో వున్నాడు. పేరు వ్రాయవద్దన్నాడు. నలభై ఏళ్ళుగా జీపులే ఆయన లోకం. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఆయన మాటలు వినడానికి వెళ్ళి, బండి సంగతులు కూడా నేర్చుకుని వచ్చాను. కమాను పట్టీ అన్నమాటే చూడండి. కమాను అంటే పారశీకంలో విల్లు. వంపు తిరిగిన ఉక్కు పట్టీలకు అంతకంటే తగిన పేరు ఏ పండితుడు పెట్టగలడు?

"సామాను మార్చుడు ఎవలకైనా వస్తది సార్. ఏ సామాను ఖరాబైందో తెలుసుకునుడే అసలు పని" అన్నాడాయన.

ఆ మాటకు ఒక నిదర్శనం నా కళ్ళముందే జరిగింది. మా కాలేజీ మిత్రుడొకరు పాత పెట్రోలు జీపు కొన్నారు. తాళంచెవి తిప్పితే టక్కుమని ఒక చప్పుడు, అంతే. ఒకచోట బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేయించారు. నాలుగు రోజులు బాగానే వుండి మళ్ళీ అదే టక్కు. ఇంకోచోట సెల్ఫ్‌మోటారు విప్పి, తీగ చుట్టించి, వేల రూపాయలు తీసుకున్నారు. మళ్ళీ అదే. చివరికి తాడు కట్టి ఈ షెడ్డుకు తెచ్చారు. ఉస్తాదు ఏ పానా ముట్టుకోలేదు. హెడ్‌లైట్లు వేయమన్నాడు, సెల్ఫ్ కొట్టమన్నాడు. తర్వాత ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్యనున్న అల్లిక పట్టీ చివర వేలు పెట్టి చూశాడు. అది కాలుతున్నది. ఒక లావు తీగ తెప్పించి బ్యాటరీ నెగెటివ్ కొసనుంచి నేరుగా ఇంజను దిమ్మకు తగిలించి, మళ్ళీ కొట్టమన్నాడు. ఇంజను గర్రున లేచింది.

కారణం వింటే చాలా చిన్నది. ఇంజను రబ్బరు దిండ్ల మీద కూర్చుంటుంది. రబ్బరులో కరెంటు పోదు. సెల్ఫ్‌మోటారు గుండా వచ్చిన కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే బాట ఆ పట్టీ ఒక్కటే. ఆ బాటలో తుప్పు అడ్డం పడింది. సెల్ఫ్‌కు 200 ఆంపియర్ల వరకూ కావాలి. తుప్పు వల్ల ఓములో యాభయ్యో వంతు నిరోధం ఏర్పడినా చాలు, 4 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. ఇక 12 వోల్టుల బ్యాటరీలో మోటారుకు మిగిలేది 8. యుద్ధకాలపు జీపుల్లో వున్నది 6 వోల్టుల బ్యాటరీయే. వాటిలో ఈ తుప్పు పడితే మిగిలేది మరీ తక్కువని వేరే చెప్పాలా? ఆ రోజుల్లో డ్రైవరు సీటు కింద ఇనుప హాండిలు లేకుండా బండి కదలకపోవడానికి ఇదీ ఒక కారణమే. ఇక్కడ మందు ఉప్పుకాగితంతో రుద్దడం, బోల్టు బిగించడం, పైన కాస్త గ్రీజు రాయడం. నీళ్ళలో తిరిగే బండికి ఈ పని ఏటా ఒకసారి చేయించుకుంటే మంచిది.

కరెంటు జబ్బుల్లో ఇంకొకటి మనం చేజేతులా తెచ్చుకునేది. అడవిలో వెలుగు కావాలని బండి ముందు పెద్ద దీపాలు తగిలిస్తారు. రెండు దీపాలు, ఒక్కొక్కటి 100 వాట్లు అనుకోండి. 200ను 12తో భాగిస్తే దాదాపు 17 ఆంపియర్లు. అంత కరెంటును స్విచ్చి దాకా పాకిన సన్నని తీగలో పంపిస్తే తీగ కాలుతుంది, పైతొడుగు కరుగుతుంది, పక్క తీగకు తగులుతుంది. లావు తీగ, మధ్యలో రిలే, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు — ఈ మూడూ లేకుండా దీపాలు బిగించేవాడు ఎంత చవకగా చేసినా ఖరీదైనవాడే. ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని అక్కడ రాగితీగ చుట్టే మహానుభావులు కూడా వున్నారు. ఫ్యూజు పోవడం జబ్బు కాదు. జబ్బు వున్నదని చెప్పడం.

నీళ్ళ గండం

వానాకాలంలో చెరువులు నిండి మత్తళ్ళు దూకుతాయి. మత్తడి నీరు రోడ్డు మీదుగా పారుతుంటే, ఇవతల కార్లు ఆగిపోతాయి. ఎత్తు చక్రాల బండివాడికి అప్పుడే పౌరుషం పుట్టుకొస్తుంది. ఇక్కడ ప్రాణాలతో పని గనుక కొంచెం వివరంగా చెప్పుకుందాం.

ప్రతి బండికీ ఎంత లోతు నీటిలో నడవగలదో కంపెనీవారు చెబుతారు. 2020లో వచ్చిన రెండవ తరం థార్‌కు ఆ లోతు 650 మిల్లీమీటర్లు, అంటే రెండడుగుల పైచిలుకు. చాలామంది ఈ అంకెను మత్తడికి కూడా అన్వయించుకుంటారు. అది నిలిచివున్న నీటికి చెప్పిన లెక్క. పారే నీటిలో రెండడుగుల లోతు చాలు, చాలా వాహనాలు కొట్టుకుపోవడానికి. ఎందుకంటారా? బండి అడుగుభాగం నాలుగు చదరపు మీటర్లు అనుకుందాం. నీరు అడుగును తాకిన తర్వాత పైకి లేచే ప్రతి 10 సెంటీమీటర్లకూ బండి 400 కిలోల నీటిని తోసివేస్తుంది. అంత బరువూ చక్రాల మీద తగ్గిపోతుంది. బరువు తగ్గితే పట్టు తగ్గుతుంది. పక్కనుంచి నెట్టే ప్రవాహానికి కావలసింది అదే. నాలుగు చక్రాలూ ఇంజనుతో తిరుగుతున్నా, నేలను పట్టుకోని చక్రాలు నాలుగైతేనేం, నలభైయైతేనేం?

నిలిచిన నీటిలోనూ ఇంకో గండం వుంది. ఇంజను పీల్చే గాలితోబాటు నీరు లోపలికి పోతే, పిస్టన్ ఆ నీటిని నొక్కలేదు. గాలి నలుగుతుంది, నీరు నలగదు. పిస్టన్‌ను నడిపే కడ్డీ వంగిపోతుంది. డీజిలు ఇంజనులో ఒత్తిడి మరీ ఎక్కువ గనుక దెబ్బా ఎక్కువే. నీళ్ళలో బండి ఆగిపోతే మనవాళ్ళు చేసే మొదటి పని సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టడం. సగం ఇంజన్లు మునిగి చెడవనీ, ఆ తర్వాత కొట్టిన సెల్ఫ్ వల్ల చెడతాయనీ ఉస్తాదు అభిప్రాయం. బండిని తోసి గట్టెక్కించాలి. పెట్రోలు బండికైతే ప్లగ్గులు, డీజిలు బండికైతే ఇంజెక్టర్లో గ్లో ప్లగ్గులో విప్పించి, ఇంజనును చేత్తో తిప్పించాలి. నీరంతా ఆ కన్నాల్లోంచి చిమ్ముతుంది. ఆయిలు మార్చి, అప్పుడు సెల్ఫ్ కొట్టాలి.

పాత డ్రైవర్లు వాగులో దిగేముందు ఫ్యాను బెల్టు వదులు చేసేవారు. ఫ్యాను తిరిగితే నీళ్ళను ఎగజిమ్మి డిస్ట్రిబ్యూటరు తడిపేస్తుంది. అది తడిస్తే ప్లగ్గులకు నిప్పురవ్వ అందదు. ఆ టోపీ విప్పి పొడిగుడ్డతో తుడిస్తే చాలు, బండి మళ్ళీ నడిచేది. భుజం మీది తువ్వాలు కూడా పనిముట్లలో ఒకటే అన్నమాట.

ఒడ్డుకు చేరిన తర్వాత కూడా కథ అయిపోలేదు. బ్రేకు డ్రమ్ముల్లో నీరు వుంటుంది. ఆ తడితో తారురోడ్డెక్కి వేగం అందుకున్నాక, ఎదురుగా గేదె వచ్చి తొక్కితే బ్రేకు పట్టదు. మొదటి రెండు వందల గజాలూ మెల్లగా నడుపుతూ, బ్రేకును సుతారంగా నొక్కి పట్టుకుంటే ఆ రాపిడి వేడికే తడి ఆరిపోతుంది. ఇల్లు చేరాక ఇరుసుల ఆయిలు చూడాలి. వేడెక్కిన ఇరుసు చల్లని నీటిలో దిగినప్పుడు లోపలి గాలి కుంచించుకుని, సీళ్ళగుండా నీటిని పీల్చుకుంటుంది. ఆయిలు మజ్జిగలా తెల్లబడివుంటే వెంటనే మార్చవలసిందే. అశ్రద్ధ చేస్తే లోపలి పళ్ళచక్రాలు అరిగిపోతాయి. ఆ ఖర్చు ముందు ఆయిలు ఖరీదు ఒక లెక్కలోది కాదు.

చక్రాల వణుకు

పాత జీపులు ఒక వేగం దాటగానే ముందు చక్రాలు గజగజ వణకడం చాలామందికి అనుభవమే. స్టీరింగు చేతుల్లో నిలవదు. గట్టిగా బ్రేకు తొక్కకూడదు. యాక్సిలరేటరు వదిలి, మెల్లగా వేగం తగ్గనివ్వాలి. చికిత్స మాత్రం తర్వాత ఓపికగా చేయించాలి. టైరు బ్యాలెన్సు, స్టీరింగు కడ్డీల చివరి జాయింట్లు, కింగ్‌పిన్ బేరింగులు, కమాను పట్టీల బుష్షులు — వీటిలో ఏది వదులైనా వణుకు పుడుతుంది. వదులును వెతకకుండా వణుకును అణచడానికి డ్యాంపరు ఒకటి బిగించి పంపించేవాళ్ళున్నారు. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా తడిగుడ్డ వేయడం లాంటిది అది.

మరో ఫిర్యాదు: "ఫోర్ వీల్ లీవరు ఇరుక్కుపోయింది." బురదలో వేసిన ఫోర్ వీల్‌ను తారురోడ్డెక్కాక తీయడం మరిచిపోతారు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకంటే ఎక్కువ దూరం తిరగాలి. బురదలోనైతే జారి సర్దుకుంటాయి. తారు మీద జారలేవు. ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలికగా చేరి లీవరును బిగపట్టేస్తుంది. బలం ఉపయోగించి లాగితే విరిగేది లీవరే. నాలుగు గజాలు తిన్నగా వెనక్కు నడిపితే మెలిక విడిపోయి దానంతటదే వస్తుంది.

మే నెల ఎండల్లో కార్బురేటరు బండ్లకు పెట్రోలు పైపులోనే ఆవిరయ్యే జబ్బు వుండేది. పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట కూర్చుంటే నయమయ్యేది. కొత్త బండ్లలో పంపు ట్యాంకులోనే వుండి ఒత్తిడితో నెడుతుంది గనుక ఆ బాధ దాదాపు తీరింది. రేడియేటరులో గడ్డిగింజలూ బురదా ఇరుక్కుని ఇంజను కాగడం మాత్రం పాత, కొత్త రెండిటికీ వుంది. కాగిన రేడియేటరు మూత తీయబోయి ముఖం కాల్చుకున్నవాళ్ళను ఉస్తాదు చాలామందిని చూశాడు. పిల్లల్ని దూరంగా పంపి, అరగంట ఆగి, అప్పుడు మూత జోలికి పోవాలి.

కొత్త బండ్ల జబ్బులు చెవికి దొరకవు. చక్రం దగ్గరి సెన్సరుకు బురద పట్టినా చాలు, ముందు పలక మీద దీపాలు దీపావళిలా వెలుగుతాయి. చిన్న యంత్రం తగిలిస్తే తప్పు నంబరు చెబుతుంది. ఆ యంత్రం ఉస్తాదు దగ్గర కూడా వుంది. కొడుకు కొనిపెట్టాడట. "నంబరు చెప్తది సార్, నిజమే. సెన్సరు పోయిందంటది. సెన్సరు మంచిగనే ఉంటది, దాని వైరే తెగి ఉంటది" అన్నాడు. వైరు తెగిందా అని చూడకుండా సెన్సరు మార్చే చోట్లు, పట్టీ చూడకుండా బ్యాటరీ మార్చిన చోటుకు చుట్టాలే.

ఆ వైరు తెంపేది ఎవరనుకున్నారు? అలియాబాద్ చుట్టుపక్కల పొలాల అంచున కట్టిన కొత్త ఇళ్ళలో ఎక్కువ నష్టం చేసేది ఎలుక. వారమంతా కదలని బండి బానెట్టు కింద వెచ్చగా, చీకటిగా వుంటుంది. శనివారం రాత్రే ఒకసారి బానెట్టు ఎత్తి చూసుకుంటే, ఆదివారం పొద్దున పులిహోర డబ్బా చేతపట్టుకుని వాకిట్లో నిలబడే అవస్థ తప్పుతుంది.