గుమ్మం ముందు చెంబుడు నీళ్ళు

శివరాత్రి రోజుల్లో మా పట్టిసీమలో పగలు తలుపు మూసి ఉండే ఇల్లు కనబడదు. గోదావరి నడుమ దేవకూట పర్వతం మీద వీరభద్రస్వామి, భావనారాయణస్వామి కొలువై ఉన్నారు. రేవులో లాంచీ ఎక్కి, అవతల ఇసుకలో నడిచి, మెట్లెక్కితే గానీ దర్శనం కాదు. ఆ తిరునాళ్ళకి కొవ్వూరు నుంచీ, జంగారెడ్డిగూడెం నుంచీ, రాజమండ్రి నుంచీ చుట్టాలొస్తారు. చుట్టాల వెంట వాళ్ళ ఇరుగుపొరుగులొస్తారు. మా ఇల్లు రేవుకెళ్ళే దారిలో ఉంది కాబట్టి, పేరూ ఊరూ తెలియనివాళ్ళు కూడా మంచినీళ్ళకని మా మెట్లెక్కుతారు. ఎంతమంది వచ్చినా చెప్పులు బయట విడవమని మా అత్తగారు ఎవరికీ చెప్పగా నేను వినలేదు. ఆవిడ అనేది ఒకటే మాట: "కాళ్ళు కడుక్కోండి నాయనా, నీళ్ళు పెట్టాను."

ఈ మధ్య మాత్రం పట్నంలో కాపురముంటున్న మా బంధువుల ఆడపిల్లలు నన్ను తరచూ అడుగుతున్నారు. "ఇంటికొచ్చినవాళ్ళని బూట్లు విప్పమంటే ఏమనుకుంటారో పెద్దమ్మా? ఎలా చెప్పాలి?" అని. ఇది చిన్న సంగతి కాదు. నేల శుభ్రం ఒకవైపు, వచ్చినవాళ్ళ మర్యాద ఒకవైపు. రెండూ దక్కాలంటే మాట ఒక్కటే సరిపోదు, గుమ్మం ముందు ఏర్పాటు ఉండాలి. ఏర్పాటు తీసేసి మాట మాత్రం మిగుల్చుకున్నాం, అందుకే నోరు పెగలడం లేదు.

మా పాత పెంకుటింటికి వీధి అరుగు ఉండేది. అరుగు పక్కన రాతి గోలెం, దాని అంచు మీద ఇత్తడి చెంబు, కింద వాలుగా పరిచిన నాపరాయి. వచ్చినవాళ్ళు అరుగు మీద కూలబడి చెప్పులు విడిచేవారు. రాయి మీద నిలబడి, ఒక మడమతో రెండో పాదం రుద్దుకుంటూ నీళ్ళు పోసుకునేవారు. శివరాత్రి నాటికి గోదావరిలో తిన్నెలు బయటపడతాయి. ఆ ఇసుక సన్నంగా ఉంటుంది. తడికాలికి అంటుకుందంటే వేళ్ళ సందుల్లోంచి ఒక పట్టాన పోదు, ఆరాక గానీ రాలదు. అందుకని మా అత్తగారు గుమ్మం దగ్గర రెండు గోనెపట్టాలు వేసేవారు. మొదటిది తడి పీల్చడానికి, రెండోది కాసేపు నిలబడి వేళ్ళు విదిలించుకోవడానికి. మొదటి పట్టా తడిసి ముద్దవగానే తీసి దడి మీద ఆరేసి, ఇంకోటి పరిచేవారు. పండగ రోజుల్లో దడి నిండా గోనెలే.

అంత జాగ్రత్త ఎందుకంటే, మా బతుకంతా నేల మీదే సాగేది. అక్కడే విస్తళ్ళు వేసేవాళ్ళం, అక్కడే బియ్యం పోసుకుని రాళ్ళేరేవాళ్ళం, రాత్రికి అక్కడే చాపలు. చంటిపిల్ల పాకేదీ, దొరికిందల్లా నోట్లో పెట్టుకునేదీ అక్కడే. ఇప్పుడు బల్ల మీద తింటున్నాం, మంచం మీద పడుకుంటున్నాం. చంటిపిల్ల మాత్రం ఇప్పటికీ నేల మీదే పాకుతోంది.

ఆరోగ్యం మాట వచ్చింది కాబట్టి కొంకిపురుగు సంగతి చెప్పాలి. మలం పడిన తడినేలలో దాని గుడ్లు పొదుగుతాయి. కంటికి ఆనని పిల్లపురుగులు మట్టిలో కాచుక్కూర్చుని, చెప్పుల్లేని పాదం తగలగానే చర్మం తొలుచుకుని లోపలికి పోతాయి. రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల మీదుగా పేగుల్లోకి చేరి అక్కడ నెత్తురు తాగుతాయి. మనిషి పాలిపోతాడు, నాలుగడుగులేస్తే ఆయాసం. 2015 నుంచి నులిపురుగుల నివారణ దినమని పెట్టి బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలు మింగిస్తున్నది వీటి కోసం కూడా. చెప్పుల్లేకుండా తిరిగితే పవిత్రమనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. దొడ్లో, చేలో, రేవు గట్టున కాలికి చెప్పు ఉండి తీరాలి. అక్కడ తొక్కినదాన్ని ఇంట్లోకి మోసుకురాకూడదు కాబట్టి గుమ్మం దగ్గర విడవాలి. ఈ రెండూ కలిస్తేనే శుభ్రం.

అసలు నాకు మనసులో ఉన్న మాట వేరు. చెప్పులు విడవమనడం మన దేశంలో ఎప్పుడూ శుభ్రం కోసమే జరగలేదు. ఈ గోదావరి జిల్లాల్లోనే, పెద్ద కులాల వీధిలోంచి పోవాల్సి వస్తే దళితులు చెప్పులు విప్పి చేత పట్టుకుని నడిచేవారు. మోతుబరి రైతులు టింగురంగామని తొడుక్కు తిరిగిన కిర్రుచెప్పులు ఎవరు కుట్టారు? తోలు ఊనిందీ, కుట్టిందీ, నూనె పట్టించిందీ మాదిగవాడలో. కుట్టినవాడు తన చెప్పులతో ఆ రైతు వీధిలో నడవకూడదు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అయినా నా వయసువాళ్ళు ఆ నడక కళ్ళారా చూశారు. అది మర్యాద కాదు, అణచివేత.

తెల్లదొరలు కూడా ఇదే పని చేశారు. కచేరీలకీ దర్బార్లకీ వెళ్ళే మనవాళ్ళు నాటు చెప్పులు బయట విడవాలన్నారు. 1854లో గవర్నర్ జనరల్ ప్రభుత్వం ఒక సడలింపు ఇచ్చింది. ఇంగ్లీషు బూట్లు, మేజోళ్ళు తొడుక్కొచ్చిన పెద్దమనుషులైతే విప్పక్కర్లేదట. నేల మురికి గురించిన ఆలోచనే అయితే బూటుకీ చెప్పుకీ తేడా ఎందుకుంటుంది?

అదే దొరలు బర్మాలో పగోడాల్లోకి బూట్లతోనే నడిచారు. ఆ బర్మా మనకి పరాయిది కాదు. మన కాకినాడ తీరం నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్ళిన కూలీలు ఎందరో. కోరంగి రేవు పేరు మీదనే తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలని పిలిచేవారు. పగోడా మీద బూట్లు వద్దని లెడి సయాడా అనే బౌద్ధ గురువు పుస్తకమే రాశారు. 1919 అక్టోబరులో మాండలేలోని ఐందవ్యా పగోడా దగ్గర, బూట్లు విప్పకుండా తిరుగుతున్న తెల్లవాళ్ళ మీద భిక్షువులు తిరగబడ్డారు. ఊ కెట్టయ్య అనే భిక్షువుకి యావజ్జీవ శిక్ష పడింది. ఆ తర్వాతే, తమ ప్రాంగణంలోకి ఎవరు ఎలా రావాలో నిర్ణయించే హక్కు మఠాధిపతులకు ప్రభుత్వం వదిలింది. ఎదుటివాడి చోట కాలు పెట్టినప్పుడు అతని పద్ధతి పాటించడానికి ఇంత గొడవ కావాల్సొచ్చింది.

ఇవన్నీ చదివాక, విన్నాక నేను మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాను. విడవమంటే అందరినీ విడవమనాలి. ఎత్తిపోతల పథకం పనులు జరిగిన 2015 ప్రాంతంలో మా ఊరికి ఇంజనీర్లు, ఆఫీసర్లు చాలామంది వచ్చారు. కొన్నిళ్ళల్లో వాళ్ళు లేసుల బూట్లతో హాల్లోకొచ్చి సోఫాలో కూర్చునేవారు, ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆ ఇంటికే చేలో కోత కోసిన మనిషి కూలి డబ్బులకొస్తే, చెప్పులు గేటు బయటే విడిచి వాకిట్లో నిలబడాలి. నాకు ఇది బొత్తిగా నచ్చదు. మా గుమ్మం దగ్గర ఆఫీసరుగారికీ నీళ్ళే, కోతకొచ్చిన అన్నకీ నీళ్ళే. కాళ్ళు కడుక్కున్న ప్రతివాళ్ళూ లోపలికొచ్చి కూర్చోవాలి. చెప్పులు విడిపించి వాకిట్లోనే నిలబెడితే, పాతకాలపు ఆ వీధి నడకకీ దీనికీ తేడా ఏముంది?

ఏర్పాటు పెద్ద ఖర్చు కాదు. జపాన్‌లో ఇంటి గుమ్మం లోపల గెన్‌కాన్ అని పల్లపు చోటు ఒకటి కడతారు. బూట్లు అక్కడ విప్పి ఒక మెట్టెక్కితే ఇల్లు. అతిథికి వేరే మెత్తని స్లిప్పర్లు సిద్ధంగా ఉంటాయి, మరుగుదొడ్డికి మళ్ళీ ఇంకో జత. అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళల్లో సత్యనారాయణ వ్రతం నాడు గరాజ్ తలుపు దగ్గర బూట్ల గుట్టలు చూస్తాం. పైపులు బాగుచేయడానికి వచ్చిన మనిషి బూట్ల మీద గుడ్డ తొడుగు వేసుకుని లోపలికొస్తాడు. అపార్టుమెంటులో గోలెం పెట్టలేరు, నిజమే. ఒక ముక్కాలి పీట, ఒక చెప్పుల స్టాండు, ఒక పట్టా మాత్రం ఎవరైనా పెట్టగలరు. లేసులు విప్పాలంటే నడుం వంగాలి. వంగడానికి చోటివ్వకుండా విప్పమంటే, గోడ పట్టుకుని ఒంటికాలి మీద తూగే పెద్దాయన అవస్థ చూడాలి. పీట ఉంటే, "కూర్చోండి బాబాయిగారూ, నెమ్మదిగా విప్పుకోండి" అనడానికి నోరు దానంతటదే వస్తుంది. వర్షంలో వచ్చినవాళ్ళ చెప్పులు చూరు కిందకి జరపాలి, కుక్కకి అందకుండా పెట్టాలి. అవి ఇంటివాళ్ళ పూచీ.

కొందరిని అసలు అడగకూడదు. షుగరు ముదిరి పాదాలకి స్పర్శ పోయినవాళ్ళని డాక్టర్లు ఇంట్లో కూడా వట్టికాళ్ళతో నడవొద్దంటారు. గుండుసూది దిగినా వాళ్ళకి తెలియదు, తెలిసేసరికి పుండవుతుంది. అలాంటివాళ్ళు వేసుకునే ఎంసీఆర్ చెప్పులు, ఆ మెత్తని రబ్బరు అడుగువి, ఇంట్లో వాడేదొక జత మా అలమారులో ఉంది. మా పెద్ద ఆడపడుచు వచ్చిందంటే, మాట్లాడకుండా తీసి ఆవిడ కాళ్ళ ముందు పెడతాను. బయటివి విడిచి ఇవి తొడుక్కుంటుంది.

కరెంటు పనికొచ్చే కుర్రాడి సంగతి కూడా అంతే. మొన్న మీటరు దగ్గర ఫ్యూజు పోతే పిలిచాం. అప్పుడే తుడిచిన నేల చూసి, అలవాటు కొద్దీ రబ్బరు చెప్పులు గుమ్మంలో విడవబోయాడు. "వద్దు నాయనా, చెప్పులతోనే రా" అన్నాను. మొహమాటపడి ఇంకోసారి అడిగాడు, ఇంకోసారి చెప్పాను. వైరు ముట్టుకునే మనిషిని తడినేల మీద వట్టికాళ్ళతో నిలబెట్టకూడదు. అతను పని ముగించి మజ్జిగ తాగి వెళ్ళాక, బకెట్టు తెచ్చుకుని నేల మళ్ళీ తుడుచుకున్నాను.