బోసి తెర - కంటికి హాయి

అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మల బరువులూ, ధరలూ కంప్యూటర్లో ఎక్కించే గుమాస్తాకు సాయంత్రానికి కళ్ళు మండితే ఏం చేస్తాడు? చుక్కల మందు కొనుక్కుంటాడు. ముందుగా తన డెస్క్‌టాప్ చూసుకోవాలి. వెనుక రంగురంగుల బొమ్మ, దానిమీద నలభై ఐకాన్లు! (సగం ఎందుకున్నాయో తనకే తెలియదు.) నూకాలమ్మ జాతరలో తప్పిపోయిన పిల్లాణ్ణి వెతికినట్టు ప్రతి ఫైలునూ వెతకాలి.

వెనుక ఒకే లేతరంగు పెట్టండి. రోజూ వాడే నాలుగైదు ఐకాన్లు ఉంచి, మిగతావి ఒక ఫోల్డరులో దాచండి. అక్షరాలు పెద్దవి చేయండి. చిన్న అక్షరాల్లో మన వత్తులూ, గుడులూ కలిసిపోతాయి. నల్లని తెరమీద తెల్లని అక్షరాలు ఇప్పుడు ఫ్యాషన్. పగటి వెలుగులో చాలామందికి లేత తెరమీద నల్లని అక్షరాలే సులువు. తెర వెలుగు గది వెలుగును మించకూడదు.

అయితే థీము మార్చినంతమాత్రాన మంట పూర్తిగా పోదు. మామూలుగా నిమిషానికి 15 సార్లు వాలే రెప్ప, తెరముందు అందులో సగం కూడా వాలకపోవచ్చు. కన్ను పొడిబారేది అందుకే. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి, రెప్పలు ఆర్పండి. నలభై దాటినవారు చత్వారం ఉందేమో పరీక్ష చేయించుకోండి. చూపు ఉన్నట్టుండి తగ్గినా, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా తెర సర్దుకుంటూ కూర్చోక ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.