మీ బీజీఎంఐకి తాత లాంటి గేమ్: ఆపరేషన్ ఆరోహెడ్ కథ

కర్నూలు నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు ఒక పాత ఎక్స్‌పాన్షన్ ప్యాక్ గురించి చెప్తా. పేరు 'ఆర్మా 2: ఆపరేషన్ ఆరోహెడ్'. 2010 జూన్‌లో వచ్చింది. కంప్యూటర్‌లో ఆడేది, ఫోన్‌లో రాదు.

"మరి మాకెందుకన్నా అది?" అంటారా? రెండు కారణాలున్నాయి. ఒకటి, మీరు రోజూ ఆడే బీజీఎంఐ ఈ ప్యాక్ మీదుగానే పుట్టింది. రెండు, మీ వాట్సాప్‌కి వచ్చే 'యుద్ధం వీడియో'ల్లో కొన్ని ఈ ఆర్మా కుటుంబం గేమ్‌లోవే. ఆ రెండోది మా ఇంట్లో ఏం చేసిందో చివర్లో చెప్తా, ఆగండి.

ముందు ఎక్స్‌పాన్షన్ ప్యాక్ అంటే ఏంది? కట్టిన ఇంటి మీద ఇంకో అంతస్తు వేసినట్టు. పునాది పాతదే, గదులు కొత్తవి. మామూలుగా పాత గేమ్ ఉంటేనే ప్యాక్ నడుస్తుంది. ఆరోహెడ్ మాత్రం పై అంతస్తుకి బయట నుంచి విడిగా మెట్లు కట్టినట్టు: ఆర్మా 2 లేకున్నా ఆడొచ్చు, ఉంటే రెండూ కలిపి ఆడొచ్చు. చేసింది చెక్ దేశంలోని బొహీమియా ఇంటరాక్టివ్ అనే కంపెనీ.

కథ జరిగేది తకిస్తాన్ అనే కల్పిత దేశంలో. ఎండిపోయిన గుట్టలు, రాళ్ళు, దుమ్ము. ఓర్వకల్లు రాళ్ళ మధ్య తిరిగినోళ్ళకి, గండికోట చూసినోళ్ళకి ఆ మ్యాప్ కొత్తగా ఏమీ ఉండదు. నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు రూమ్మేట్ కంప్యూటర్‌లో మొదటిసారి ఆడినా. హీరో లాగా గుట్ట నెత్తికి ఉరికినా. ఎక్కడి నుంచో ఒక్క బుల్లెట్, అంతే, అయిపోయింది. కాల్చినోడు కనపడనే లేదు.

తర్వాత మా తాత మాట గుర్తొచ్చింది. ఆయన బేతంచెర్ల దిక్కు మేకలు మేపేవాడు. "గుట్ట మీద నిలబడితే నాలుగూర్లకి కనపడతావురా" అనేవాడు. ఆరోహెడ్‌లో పాఠం అదే. పచ్చటి అడవిలో చెట్టు దాస్తుంది. ఎండు నేలలో దాచేది పల్లం మాత్రమే. వాగు వెంబడి వంగి నడవాలి, ఆకాశం మీద నీ ఆకారం పడకూడదు. జీపు తోలితే వెనక లేచే దుమ్మే నిన్ను పట్టిస్తుంది. బుల్లెట్ దూరం పోయేకొద్దీ కిందికి దిగుతుంది, లెక్క వేసుకొని కాల్చాలి. ఫస్ట్ ఎయిడ్ కొట్టి లేచి ఉరికే ఆట కాదప్పా ఇది.

ఈ ప్యాక్‌లో కొత్తగా వచ్చినవాటిలో రెండు గుర్తు పెట్టుకోండి. ఒకటి, వీపుకి తగిలించుకొని సామాన్లు వేసుకునే బ్యాగు. రెండోది థర్మల్ కెమెరా: చీకట్లో కూడా మనిషి ఒంటి వేడిని, ఇంజన్ వేడిని చూపిస్తుంది. దీంతో మళ్ళీ పని పడుతుంది.

ఇప్పుడు వంశవృక్షం. బొహీమియా వాళ్ళు తమ గేమ్ తలుపులు మూసేయలేదు. ఎవరైనా లోపలికొచ్చి మార్చుకోవచ్చు. అట్లా మార్చినదాన్ని మాడ్ అంటారు. 2012లో న్యూజిలాండ్‌కు చెందిన డీన్ హాల్ 'డేజీ' అనే మాడ్ చేసినాడు. జాంబీల మధ్య తిండి, నీళ్ళు వెతుక్కుంటూ బతకడమే ఆట. అది నడవాలంటే ఆర్మా 2, ఆరోహెడ్ రెండూ ఉండాలి. దాని దెబ్బకి మూడేళ్ళ పాత గేమ్ స్టీమ్ అమ్మకాల్లో మళ్ళీ పైకొచ్చింది.

ఆ డేజీని ఐర్లాండ్‌కు చెందిన బ్రెండన్ గ్రీన్ పట్టుకున్నాడు. 2013లో దాన్ని బ్యాటిల్ రాయల్‌గా మార్చినాడు: అందరూ కొట్టుకోవాలి, చివరికి ఒక్కడే మిగలాలి. ఆన్‌లైన్‌లో ఆయన పేరు ప్లేయర్‌అన్‌నోన్. పబ్‌జీ పేరులో మొదటి అక్షరం అక్కడిదే. తర్వాత కొరియా కంపెనీ బ్లూహోల్ పిలిచింది. 2017లో పబ్‌జీ, 2018లో పబ్‌జీ మొబైల్ వచ్చినాయి. 2020 సెప్టెంబర్‌లో మన దేశంలో బ్యాన్ అయింది, 2021లో బీజీఎంఐగా తిరిగొచ్చింది. మిగతా కథ మీకే బాగా తెలుసు.

అంటే ఒక తెరిచిన తలుపు మనకి బీజీఎంఐని ఇచ్చింది. కానీ తలుపు తెరిస్తే అందరూ వస్తారు.

తర్వాత 2013లో వచ్చిన ఆర్మా 3కి కూడా వేల మాడ్‌లున్నాయి. ఏ దేశం విమానం కావాలన్నా, ఏ ట్యాంకు కావాలన్నా దొరుకుతుంది. ఎవరో రాత్రి సీన్ ఒకటి తయారు చేస్తారు, థర్మల్ చూపులో నలుపు తెలుపుగా రికార్డ్ చేస్తారు. అది అచ్చం డ్రోన్ వీడియోలా ఉంటుంది. పైన "బ్రేకింగ్" అని రాస్తే చాలు.

2025 మే నెల. సరిహద్దులో కాల్పులు జరుగుతున్నాయి. మా పిన్ని వాళ్ళది ప్రొద్దుటూరు దగ్గర. వాళ్ళబ్బాయి, మా అన్న, జమ్మూ దిక్కు డ్యూటీలో ఉన్నాడు. ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక వీడియో పడింది: చీకట్లో ఆకాశానికి తూటాల వాన, ఒక విమానం మండుతూ పడిపోతుంది. పిన్ని అది చూసి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అన్న ఫోన్ కలవలేదు. నేను చూడగానే గుర్తుపట్టినా, అది గేమ్. ఫోన్ చేసి చెప్తే, "నిజమేనారా, నా మీద ఒట్టా?" అని మూడుసార్లు అడిగింది. పొద్దున అన్న ఫోన్ చేసేదాకా ఆమె నిద్రపోలేదు.

అదే రోజుల్లో మన సీమ బిడ్డ, గోరంట్ల మండలం కళ్లితండా అగ్నివీర్ మురళీ నాయక్, నిజంగానే సరిహద్దులో ప్రాణాలిచ్చినాడు. నిజమైన దుఃఖం అట్లుంటే, పక్కనే గేమ్ వీడియోకి లైకులు.

2022 నవంబర్‌లోనే బొహీమియా వాళ్ళు ఈ మోసం గురించి హెచ్చరించి, గుర్తులు చెప్పినారు. వాటిలో ముఖ్యమైనవి ఇవి:

వీడియో క్వాలిటీ కావాలనే తక్కువగా ఉంటుంది.
కెమెరా అదే పనిగా ఊగుతుంది.
ఎక్కువగా చీకటి సీన్లే.
చానాసార్లు శబ్దం ఉండదు.
కదిలే మనుషులు దాదాపు కనపడరు.
పొగ, దుమ్ము, పేలుడు ముక్కలు అసహజంగా ఉంటాయి.
ఒక్కోసారి స్క్రీన్ అంచుల్లో గేమ్ గుర్తులు మిగిలిపోతాయి.

ఇంకా డౌట్ ఉంటే స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. పీఐబీ ఫ్యాక్ట్ చెక్ పేజీ చూడండి. రెండూ కుదరకపోతే ఫార్వర్డ్ చేయొద్దు, అంతే.

గేమ్ ఆడండి, నేనూ ఆడతా. మ్యాచ్‌లో ఎవడు బాట్, ఎవడు నిజం ప్లేయర్ అని మీరు రెండు సెకన్లలో చెప్పేస్తారు. ఆ కన్ను మీ అమ్మకి, పిన్నికి లేదు. ఇంట్లో ఆ పని మీదే. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.