బందరు కోట

మన సూర్యాపేట మీదుగా సాగే 65వ జాతీయ రహదారి తూర్పున మచిలీపట్నంలో ముగుస్తుంది. దీనికే బందరు అని పేరు. బందరు అనగా రేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇచ్చటి కలంకారీ వస్త్రాలు పర్షియాకు ఎగుమతి అయ్యేవి. ఆ వర్తకాన్ని ఆశించి 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు వచ్చారు.

రేవును కాచే కోటకు చుట్టూ ఉన్న బురదనేలలే పెట్టని కోటలు. 1750లో ఫ్రెంచివారి వశమైన ఈ కోటను 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ రాత్రివేళ దాడి చేసి గెలుచుకొన్నాడు. దానితో ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి ప్రాబల్యం అంతరించింది.

అయితే కోటగోడలు సముద్రాన్ని ఆపలేవు. 1864 నవంబరు 1నాటి ఉప్పెన సుమారు 30,000 మందిని బలిగొన్నది. తీరం మేటవేయడంతో ఓడలు దూరంగానే లంగరు వేయవలసి వచ్చింది. రేవు కోసం వెలసిన కోట రేవుతోపాటే క్షీణించింది.