సీటుకు రిజర్వేషన్, ప్రయోగశాలకు సిఫారసు

ఉయ్యూరు నుంచి బందరులోని కృష్ణా విశ్వవిద్యాలయానికి బస్సులో గంట పైచిలుకు ప్రయాణం. చెరకు నరికే కూలీల ఇంటి నుంచి డిగ్రీకి వచ్చిన దళిత విద్యార్థికి అక్కడి ప్రయోగశాల మాత్రం అందనంత దూరం. రిజర్వేషన్ అతణ్ణి తరగతి గది వరకే తీసుకువెళుతుంది.

2022 డిసెంబరులో యూజీసీ ప్రకటించిన నాలుగేళ్ల డిగ్రీ విధానంలో, తొలి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారికే చివరి ఏడు పరిశోధన అవకాశం. సెలవుల్లో కూలికి వెళుతూ 74 దగ్గర ఆగినవాడి సంగతేమిటి? ఆ విభాగంలో పీహెచ్‌డీ పర్యవేక్షక అర్హత గల శాశ్వత అధ్యాపకులు కనీసం ఇద్దరుండాలన్నది మరో షరతు. గెస్టు లెక్చరర్లతో నెట్టుకొస్తున్న గ్రామీణ కళాశాలలు, అంటే బహుజన విద్యార్థులు చదివే కళాశాలలు, ఇక్కడే జారిపోతాయి.

ఇక వేసవి పరిశోధన. మూడు జాతీయ విజ్ఞాన అకాడమీలు ఉమ్మడిగా ఇచ్చే ఫెలోషిప్‌కు భృతి ఉంది, మంచిదే. దానికీ అధ్యాపకుడి సిఫారసు లేఖ కావాలి. మిగతా చోట్ల తరచూ నడిచేది పరిచయమే, పైగా జీతం లేని రెండు నెలలు. కులం అత్యంత మర్యాదగా పనిచేసేది ఈ పరిచయాల్లోనే. ఎవరూ దూషించరు, ఉత్తరానికి జవాబు రాదంతే. దళిత, ఆదివాసీ విద్యార్థులకు అధ్యాపకుల తోడ్పాటు చాలడం లేదని ఎయిమ్స్‌పై థోరట్ కమిటీ 2007లోనే తేల్చింది. అది దేశంలోనే పేరుమోసిన వైద్య సంస్థ!

ప్రయోగశాలల్లోని వేసవి స్థానాలను నోటీసు బోర్డులో ప్రకటించాలి. భృతి ఇవ్వాలి, రోస్టరు పాటించాలి. ఎందరు దరఖాస్తు చేశారో, ఎవరిని తీసుకున్నారో అదే బోర్డు మీద పెట్టాలి.